నల్ల చుక్కను మసకగా చూడటం: పిస్టల్ గురిలో తొలి పాఠాలు

విజయవాడలో గురి గురించి మాట మొదలైతే అర్జునుడు రాక తప్పదు. ఆయన తపస్సు చేసి పాశుపతాస్త్రం సాధించిన కొండ ఇంద్రకీలాద్రేనని ఈ ఊరి నమ్మకం. ఆ కొండ నీడన పెరిగిన పిల్లలకు చెట్టు మీది పక్షి కథను ఎవరూ కూర్చోబెట్టి చెప్పనక్కరలేదు. ద్రోణుడు అడిగినప్పుడు మిగతా శిష్యులకు చెట్టు, కొమ్మలు, ఆకులు, పక్కనున్న అన్నదమ్ములు అందరూ కనిపించారు. అర్జునుడికి పక్షి కన్ను తప్ప మరేదీ కనిపించలేదు. ఈ కథను మనసులో పెట్టుకుని ఎయిర్ పిస్టల్ పట్టుకున్నవారు తొలి వారాల్లో గుళ్లను కాగితం నిండా చల్లుతారు. పది మీటర్ల దూరంలోని నల్ల చుక్క అంచులతో సహా తేటగా కనిపిస్తున్నదంటే, చూపు ఉండకూడని చోట ఉందని అర్థం. ఇక్కడ తేటగా కనిపించవలసింది పక్షి కన్ను కాదు, బాణం మొన.

ఈ ఒక్క సంగతి మింగుడుపడటానికే కొందరికి నెలలు పడుతుంది. పిస్టల్ షూటింగ్‌లో కొత్తవారు అనుకునేది ఒకటి, జరిగేది మరొకటి. గురి పెట్టడం కష్టమనుకుంటారు. గురి పెట్టడం ఎవరికైనా కొద్ది రోజుల్లో వస్తుంది. కుదిరిన గురిని చివరి క్షణంలో మనమే చెడగొట్టకుండా ఉండటం మాత్రం అంత త్వరగా రాదు. నేర్పేవారికి ఓపిక ఎందుకు కావాలో కూడా ఇక్కడే తెలుస్తుంది.

ముందుగా ఏ పిస్టల్ గురించి మాట్లాడుతున్నామో తేల్చుకుందాం. మన దగ్గర సగం గందరగోళం అక్కడే ఉంది. పిస్టల్ నేర్చుకుంటున్నానని ఇంట్లో చెప్పగానే అమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంటుంది, బాబాయి లైసెన్సు సంగతి అడుగుతాడు, తమ్ముడు సినిమాలో హీరో పట్టుకున్న తుపాకీని తలచుకుంటాడు. రేంజ్‌లో, అంటే కాల్పుల సాధన జరిగే చోట, కొత్తవారి చేతికి ఇచ్చేది అదేమీ కాదు. 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండును, అంటే పెల్లెట్‌ను, బిగించిన గాలితో నెట్టే ఎయిర్ పిస్టల్ అది. అరగ్రాము బరువుండే ఆ గుండు సెకనుకు దాదాపు 150 మీటర్ల వేగంతో వెళ్తుంది. దాని శక్తి లెక్కగడితే ఐదారు జౌళ్లు. 1959 నాటి ఆయుధ చట్టం కింద 2016లో వచ్చిన నిబంధనల ప్రకారం 20 జౌళ్ల లోపు శక్తి, 4.5 మిల్లీమీటర్లకు మించని గొట్టం రంధ్రం ఉన్న గాలి తుపాకులకు లైసెన్సు అక్కరలేదు.

మందుగుండుతో పేలే పిస్టల్ దారి వేరు. దానికి లైసెన్సు కావాలి, వయసు 21 నిండాలి, 2019 సవరణ తర్వాత సాధారణ పౌరుడి దగ్గర రెండుకు మించి తుపాకులు ఉండకూడదు. తెర మీద తరచుగా కనిపించే 9 ఎం.ఎం. పిస్టల్ అయితే మామూలు పౌరులకు నిషిద్ధమైన వర్గంలోనిది. క్రీడల్లో పాయింట్ 22 పిస్టల్ 25 మీటర్ల పోటీలకు వాడతారు. అయితే ఆ పోటీలకు వెళ్లదలచినవారిని కూడా ఏ కోచ్ అయినా ముందు గాలి పిస్టల్ దగ్గరే కూర్చోబెడతారు. చప్పుడు, వెనక్కి తన్నే కుదుపు లేనిచోట తప్పులు దాక్కోలేవు. కుదుపు ఉన్నప్పుడు చెయ్యి అదిరిందా, మనమే అదిరించామా అన్నది తేల్చడం కష్టం.

లైసెన్సు అక్కరలేదంటే బొమ్మ అని కాదు. ఈ గుండు తగిలితే కన్ను పోతుంది. పైగా చూడటానికి అది పిస్టలే. పెట్టెలో పెట్టి, తాళం వేసి తీసుకెళ్లాలి. నెహ్రూ బస్ స్టేషన్‌లో బస్సు కోసం ఎదురుచూస్తూ స్నేహితుడికి తీసి చూపించాలన్న సరదా పుడితే, ఆ సరదా పోలీసు స్టేషన్ దాకా నడిపిస్తుంది.

మంచి కోచ్ దగ్గర మొదటి రోజు ఒక్క గుండు కూడా కాల్చనివ్వరు. ఆ రోజంతా జాగ్రత్తలకే సరిపోతుంది. ప్రతి తుపాకీలోనూ గుండు ఉన్నదనే అనుకోవాలి. గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి రాకూడదు. టార్గెట్ వెనక ఏముందో తెలిసి ఉండాలి. బల్ల మీద పెట్టిన పిస్టల్ గొట్టంలో కంటికి కొట్టొచ్చే రంగున్న ప్లాస్టిక్ తీగ బయటికి కనిపిస్తూ ఉండాలి. గుండు లేదనడానికి అది సాక్ష్యం. ఇవి రైఫిల్‌కూ వర్తించే నియమాలే. పిస్టల్ దగ్గర వీటికి పట్టింపు ఎక్కువ కావడానికి కారణం దాని పొడవు. రైఫిల్ గొట్టాన్ని పక్కవాడి వైపు తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాలి, పిస్టల్‌కు మణికట్టు చాలు. ఎవరో వెనక నుంచి పిలిస్తే "ఆఁ" అంటూ తిరిగే అలవాటు మనందరిదీ. చేతిలో పిస్టల్ ఉండగా అలా తిరిగితే వరుసలో ఉన్నవారందరి పొట్టల మీదుగా గొట్టం ఒక చుట్టు చుట్టి వస్తుంది. కాలేజీలో ఎన్‌సీసీ రైఫిల్ కాల్చి వచ్చినవారికి ఈ తేడా త్వరగా తలకెక్కదు. నేల మీద పడుకుని, రైఫిల్ వెనుక చివరను, అంటే బట్‌ను, భుజానికి ఆనించి కాల్చిన చేతికి పిస్టల్ మరీ తేలికగా, మరీ స్వేచ్ఛగా అనిపిస్తుంది.

మరొకటి, గుళ్లు సీసంతో చేసినవి. వాటిని ముట్టుకున్న చేత్తో తినకూడదు. సాయంత్రం బ్యాచ్‌లో ఎవరో ఒకరు బయటి బండి నుంచి మిరపకాయ బజ్జీల పొట్లం తెచ్చి బల్ల మీద పెడతారు. కోచ్ గొంతు పెరిగే సందర్భం నేను చూసినంతలో అదొక్కటే.

చూపు ఎక్కడ ఉండాలి

పిస్టల్ మీద గురికి పనికొచ్చేవి రెండు. కంటికి దగ్గరగా వెనుక సైట్, దాని మధ్యలో చదరపు గాడి. గొట్టం చివర ముందు సైట్, నిటారుగా నిలిచిన చిన్న దిమ్మ. గాడి మధ్యలో దిమ్మ నిలవాలి, దానికి అటూ ఇటూ వెలుతురు సమానంగా కనిపించాలి, రెండింటి పై అంచులు ఒకే గీత మీదికి రావాలి. వీటికి తోడు పది మీటర్ల అవతల టార్గెట్. మూడూ మూడు దూరాల్లో ఉన్నాయి. మనిషి కన్ను ఒకసారికి ఒక దూరాన్నే తేటగా పట్టుకోగలదు. అందువల్ల మిగిలిన రెండింటినీ మసకకు వదిలేయక తప్పదు. దేన్ని ఉంచుకోవాలి?

లెక్క వేస్తే జవాబు దొరుకుతుంది. సైట్లు రెండూ చక్కగా కుదిరి ఉండగా, చెయ్యి మొత్తం 5 మిల్లీమీటర్లు పక్కకు జరిగిందనుకోండి. గుండు కూడా 5 మిల్లీమీటర్లు పక్కన పడుతుంది. టార్గెట్ నడిమధ్యన ఉండే పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, గుండు అంచు వలయాన్ని తాకినా ఆ పాయింట్లు వస్తాయి. కాబట్టి అది ఇంకా పదే. ఇప్పుడు మరో సందర్భం. చెయ్యి కదలలేదు గానీ మణికట్టు రవ్వంత మడత పడి, ముందు సైట్ గాడి మధ్య నుంచి ఒక్క మిల్లీమీటరు పక్కకు పోయింది. రెండు సైట్ల మధ్య దూరం 32 సెంటీమీటర్లు అనుకుంటే, ఆ ఒక్క మిల్లీమీటరు టార్గెట్ దగ్గరికి చేరేసరికి దాదాపు 3 సెంటీమీటర్లవుతుంది. పది కాస్తా ఏడుకు దిగుతుంది. చెయ్యి ఊగితే పడే శిక్ష ఒకటికి ఒకటి, మణికట్టు వంగితే పడే శిక్ష ఒకటికి ముప్ఫై.

చూపును ముందు సైట్ మీద నిలపమనేది ఇందుకే. టార్గెట్ మసకబారితే పోయేది చాలా తక్కువ. సైట్ మసకబారితే ముప్ఫై రెట్ల తప్పును పట్టుకునే కాపలాదారు నిద్రపోయినట్టే.

పైగా, పదిలో కొట్టదలచినవారు పదికి గురిపెట్టరు. ఈ మాట విన్నప్పుడు కొత్తవారి ముఖాలు చూడాలి. టార్గెట్ మధ్యలోని నల్ల వృత్తం వ్యాసం 59.5 మిల్లీమీటర్లు, ఏడు నుంచి పది దాకా వలయాలన్నీ అందులోనే ఉంటాయి. నల్ల సైట్‌ను నల్ల వృత్తం మీద పెడితే రెండూ కలిసిపోయి అంచు కనిపించదు. అందుకని వృత్తానికి కింద, తెల్లని భాగంలో ఒక ప్రాంతాన్ని ఎంచుకుని అక్కడ సైట్లు నిలుపుతారు. ఆ గురికి గుండు వృత్తం మధ్యకు వెళ్లేలా వెనుక సైట్ మరలు ముందే తిప్పి ఉంచుతారు. అంటే గురి పెట్టేది ఒకచోట, గుండు పడేది మరోచోట. అర్జునుడి కథకు ఇక్కడ రెండో దెబ్బ.

ఈ సంగతిని మాటలతో కాక కాగితంతో నేర్పే పద్ధతి ఒకటుంది. నాకు తెలిసిన కోచ్ ఒకాయన, నల్ల చుక్క మీద మోజు వదలని శిష్యుడి టార్గెట్‌ను తిప్పేసి, వెనక వైపు ఉత్త తెల్ల కాగితం పెడతారు. ఎక్కడ కాల్చాలి సార్ అంటే, "కాగితం మీద ఎక్కడైనా సరే నాన్నా, సైట్లు చూసుకో చాలు" అంటారు. చుక్క లేదు, వలయాలు లేవు, పాయింట్లు లేవు. కాసేపటికి ఆ తెల్ల కాగితం మీద గుళ్లు ఒకదాని పక్కన ఒకటి చేరతాయి. ఇంతకుముందు చుక్క ఉన్న కాగితం మీదకన్నా గుంపు చిన్నదవుతుంది. గురి పెట్టడానికి ఏమీ లేనప్పుడు గురి బాగుపడటం ఎవరికైనా వింతే. చుక్క ఉన్నంతసేపూ కన్ను దాని దగ్గరికి పరుగెత్తి చూసి రావాలనుకుంటుంది, ఆ పరుగులో సైట్లు చెదురుతాయి. చుక్కే లేకపోతే కంటికి పోయేచోటు లేదు.

కన్ను మూయాలా వద్దా అన్నది మరో ప్రశ్న. ఒక కన్ను గట్టిగా మూసి కాలిస్తే ముఖం బిగుసుకుని, కాసేపటికి తెరిచిన కన్ను కూడా అలసిపోతుంది. అందుకే చాలామంది రెండు కళ్లూ తెరిచి, గురి చూడని కంటికి ముందు చిన్న అడ్డు పెట్టుకుంటారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో టర్కీకి చెందిన యూసుఫ్ డికెచ్ ఏ అడ్డూ లేకుండా, మామూలు కళ్లద్దాలతో, చెయ్యి జేబులో పెట్టుకుని కాల్చి మిశ్రమ జట్టు విభాగంలో రజతం గెలిచినప్పుడు లోకమంతా అదేదో నిర్లక్ష్యపు ఠీవి అనుకుంది. జేబులో చెయ్యి ఠీవి కోసం కాదు. పిస్టల్ పోటీలో ఒక్క చేత్తోనే కాల్చాలి. రెండో చెయ్యి వేలాడుతూ ఉంటే శరీరం ఊగుతుంది, దాన్ని జేబులోనో బెల్టులోనో కట్టడి చేస్తారు. అందరూ చేసే పనే అది.

నలభై దాటి నేర్చుకోవడానికి వచ్చేవారికి ఇక్కడొక చిక్కు. దూరపు అద్దాలు పెట్టుకుంటే టార్గెట్ బ్రహ్మాండంగా కనిపిస్తుంది, చేతి దూరంలోని ముందు సైట్ మసకబారుతుంది. సరిగ్గా తలకిందులు. కళ్ల డాక్టరుకు ముందు సైట్ ఎంత దూరంలో ఉంటుందో కొలిచి చెప్పి, దూరపు పవర్‌కు కాస్త ప్లస్ కలిపి కాల్చడానికి వేరే అద్దం చేయించుకోవాలి. ఈ మాట ఎవరూ చెప్పక, తమకు వయసైపోయిందని మానేసినవారు ఉన్నారు.

నిలబడటం, పట్టుకోవడం

ఈ రెండింటి మీద వీడియోలు కావలసినన్ని ఉన్నాయి గనుక క్లుప్తంగా చెబుతాను. పాదాలు భుజాలంత ఎడంగా, శరీరం టార్గెట్‌కు పక్కవాటుగా, తల నిటారుగా. మోచెయ్యి, మణికట్టు బిగించి ఉండాలి. కళ్లు మూసుకుని చెయ్యెత్తి, తెరిచి చూడండి. పిస్టల్ టార్గెట్‌కు పక్కగా చూపిస్తుంటే చేతిని లాగి సరిచేయకూడదు. వెనక పాదం కొద్దిగా జరిపి శరీరాన్ని మొత్తం తిప్పుకోవాలి. లాక్కొచ్చి నిలిపిన చెయ్యి అలసిన క్షణాన తన చోటికి తాను పోతుంది.

పట్టు విషయంలో ఎంత గట్టిగా అన్నదానికన్నా ప్రతిసారీ ఒకేలా అన్నది ముఖ్యం. మే నెల విజయవాడలో ఇది చెప్పినంత సులువు కాదు. అరచెయ్యి చెమటకు చెక్క పిడి జారుతుంది, జారుతుందని ఇంకా బిగిస్తాం, బిగించేసరికి వణుకు. తుండుగుడ్డ బల్ల మీద ఉండవలసిందే.

వణుకు సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. పిస్టల్ బరువు దాదాపు కిలో. దాన్ని చాచిన చేత్తో పట్టుకుని కదలకుండా నిలిచే మనిషి లేడు. ఒలింపిక్ విజేత చెయ్యి కూడా ఊగుతుంది, ఆ ఊపు చిన్నదిగా ఉంటుందంతే. కొత్తవారు ఊపు ఆగే క్షణం కోసం ఎదురుచూస్తారు. సైట్లు పది కింద నుంచి జారిపోతున్న రెప్పపాటులో "ఇదిగో ఇప్పుడే" అని ట్రిగ్గర్ లాగుతారు. తొలి దశలో పడే చెడ్డ గుళ్లలో అత్యధికం ఈ "ఇప్పుడే"లోనే పుడతాయి.

వేలు చేసే నిర్వాకం

ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువును మోయగలగాలని నియమం. పోటీకి ముందు తూకపు రాయి వేలాడదీసి చూస్తారు. అంటే, కిలో బరువున్న వస్తువును చాచిన చేతి చివర గాలిలో నిలిపి, అందులో సగం బరువంత ఒత్తిడిని ఒక్క వేలితో పెట్టాలి, మిగతా నాలుగు వేళ్లకూ ఆ సంగతి తెలియకూడదు. మన చెయ్యి అందుకు పుట్టలేదు. చూపుడు వేలు ముడుచుకుంటే మిగతావి కూడా తోడు ముడుచుకోవడం చేతి స్వభావం. కుడిచేతి వాటం వారి గుళ్లు తరచుగా కిందికి, ఎడమకు పడటానికి మూలం అక్కడుంది. అయితే గోడ మీద అంటించే "ఇక్కడ పడితే ఇది తప్పు" అన్న బొమ్మను పట్టుకుని తమకు తామే వైద్యం చేసుకునేవారిని చూస్తే నాకు భయం. ఒకే చోట పడిన గుళ్లకు నాలుగు కారణాలుండవచ్చు.

ట్రిగ్గర్ మీద ఒత్తిడి ఎలా పెరగాలో చెప్పడానికి కంట్లో చుక్కల మందు వేసుకోవడాన్ని మించిన పోలిక నాకు తోచలేదు. సీసాను నెమ్మదిగా నొక్కుతూ పోతాం. చుక్క ఎప్పుడు పడాలో అప్పుడు పడుతుంది. ఈ క్షణానే పడాలని గభాలున నొక్కితే మందు చెంప మీద పడుతుంది. వేలి మొదటి కణుపు మెత్తని భాగం ట్రిగ్గర్ మీద ఉంచి, తిన్నగా వెనక్కి, ఆపకుండా, తొందర లేకుండా ఒత్తిడి పెంచుతూ పోవాలి. పిస్టల్ పేలే క్షణం మనకు ముందుగా తెలియకపోవడమే మేలు. తెలిస్తే శరీరం ముందే సిద్ధపడుతుంది. భుజం బిగుస్తుంది, మణికట్టు కిందికి దిగుతుంది. ఆ ఒకటికి ముప్ఫై లెక్క అప్పుడు అమలవుతుంది.

ఇదంతా వినడానికి బాగుంటుంది. చేతికి ఎక్కించడం ఎలా? గుంటూరు నుంచి సెలవు రోజుల్లో బస్సులో వచ్చే ఒక బ్యాంకు ఉద్యోగి విషయంలో జరిగింది చెబుతాను. యాభైకి దగ్గర పడిన మనిషి, చెప్పిన ప్రతిదీ పుస్తకంలో రాసుకునే రకం. సైట్లు కుదురుతున్నాయి, చూపు ముందు సైట్ మీదే ఉంది, అయినా గుళ్లు ఆరు, ఏడు, మళ్లీ ఆరు. కోచ్ ఆయన పక్కకు వచ్చి నిలబడ్డారు.

"మీరు ఇక కాల్చవద్దండీ. సైట్లు మాత్రం చూస్తూ ఉండండి. కాల్చే పని నాది."

ఆయన చూపుడు వేలిని ట్రిగ్గర్ మీద ఉంచమని, దాని మీద తన వేలు ఆనించారు. బ్యాంకు ఉద్యోగి గురి పట్టుకున్నారు. కోచ్ వేలు నెమ్మదిగా, మరీ నెమ్మదిగా నొక్కింది. గుండు వెళ్లింది. మళ్లీ నింపారు, మళ్లీ అంతే. అలా ఐదు గుళ్లు. కాగితం దగ్గరికి తెప్పించి చూస్తే ఐదూ తొమ్మిది, పది మధ్య ఒకచోట చేరి ఉన్నాయి.

"మీరు కాబట్టి అలా పడ్డాయి సార్" అన్నారు బ్యాంకు ఉద్యోగి.

"పట్టుకున్నది మీరు, గురి మీది. నేను అటువైపు చూడను కూడా లేదు. గోడ గడియారం చూస్తున్నాను."

ఈ చిన్న తంతులో ఉన్న తెలివి గమనించండి. ఆయన చెయ్యి నిలకడగానే ఉందని, గురి సరిగ్గానే ఉందని, లోపమంతా వేలు కదిలే ఆఖరి క్షణంలో ఉందని ఒక్క ఉపన్యాసం లేకుండా ఆయన కళ్లతోనే చూపించారు. లోపాన్ని ఒకచోటికి కుదించారు. అది తెలిశాక అభ్యాసం దారి తెలిసిన నడక అవుతుంది, తెలియకపోతే ఎంత కాల్చినా తప్పునే గట్టిపరచుకుంటాం.

ఓపిక ఏం చేస్తుంది

చేతిరాతలో తప్పు వస్తే అది కాగితం మీద కనిపిస్తుంది. ఈతలో తప్పు చేస్తే నీళ్లు మింగుతాం. పిస్టల్‌లో తప్పు జరిగే కాలం రెప్పపాటులో సగం. జరిగిందని చేసినవారికే తెలియదు. "నేను కదపలేదు సార్" అని శిష్యుడు అనేది అబద్ధం కాదు, అతనికి నిజంగా తెలియదు. ఈ పరిస్థితిలో కోచ్ గద్దిస్తే శిష్యుడు మరింత బిగుసుకుంటాడు; బిగుసుకున్న చేత్తో మెత్తగా నొక్కడం సాధ్యం కాదు. పిస్టల్ దగ్గర కోచ్ ఓపిక మంచితనానికి సంబంధించినది మాత్రమే కాదు, అది పనిముట్టు.

ఓపికగల కోచ్ పని తీరులో కొన్ని గుర్తులుంటాయి. ఒకసారికి ఒకటే మాట చెబుతారు. పట్టు, ఊపిరి, చూపు, వేలు అన్నీ ఒకేసారి సరిదిద్దాలని చూస్తే దేని మీదా మనసు నిలవదు. వేలు నేర్పే వారంలో మీరు వంకరగా నిలబడినా చూసీ చూడనట్టు ఊరుకుంటారు. స్కోరు తెరను మొదటి నెలల్లో కప్పి ఉంచేవారూ ఉన్నారు. చెల్లాచెదురుగా పడిన గుళ్లలో ఒకటి పదిలో పడితే దానికి మెచ్చుకోలు ఉండదు. ఓ మూలన గుంపుగా చేరిన ఆరులకు ఉంటుంది. గుంపు కుదిరితే సైట్ మర తిప్పి మధ్యకు తేవచ్చు, చెల్లాచెదురును ఏ మరా బాగుచేయదు.

ఇంకో గుర్తు, కాల్చిన వెంటనే "ఎక్కడ పడింది?" అని అడగడం, అదీ టార్గెట్ చూడకముందే. మొదట్లో ఎవరూ చెప్పలేరు. గుండు వెళ్లిన క్షణాన ముందు సైట్ ఎటు ఉందో కన్ను పట్టుకోగలిగితే "కుడికి, కొంచెం కిందికి" అని జవాబు వస్తుంది, తర్వాత కాగితం చూస్తే అక్కడే ఉంటుంది. ఇది రావడం మొదలైందంటే చూపు సరైన చోట కుదిరిందని కోచ్‌కు వేరే రుజువు అక్కరలేదు. కాల్చాక వెంటనే చెయ్యి దించకుండా ఒకటి రెండు సెకన్లు అలాగే నిలవమనేది కూడా ఇందుకే. గుండు టార్గెట్‌ను చేరడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. ఎక్కడ పడిందో చూడాలన్న ఆత్రం అంతకన్నా వేగంగా చేతిని కదిలిస్తుంది. గుండు గొట్టం దాటకముందే తల ఎత్తేవారిని రేంజ్‌లో రోజూ చూడవచ్చు.

అన్నిటికన్నా నాకు నచ్చే పాఠం, కాల్చకపోవడం. చెయ్యెత్తి, సైట్లు కుదిర్చి, ఊపిరి సగం వదిలి ఆపాక ఆరేడు సెకన్లు మంచి కాలం. ఆ లోపల గుండు వెళ్లకపోతే కన్ను మసకబారడం, ఊపు పెరగడం మొదలవుతాయి. అప్పుడు చేయవలసింది చెయ్యి దించి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ మొదటి నుంచి. మనసు ఒప్పుకోదు. ఇంతసేపు పట్టుకున్నాం కదా, పోనీ కాల్చేద్దాం అంటుంది. పోటీలో 60 గుళ్లకు 75 నిమిషాలు ఇస్తారు. గుండుకు 75 సెకన్లు. ఒక్కో గుండుకు రెండుసార్లు చెయ్యి దించి మళ్లీ ఎత్తినా సమయం మిగులుతుంది. శిష్యుడు తనంతట తాను మొదటిసారి చెయ్యి దించిన రోజు మా కోచ్ "భేష్" అన్నారు. అంతకుముందు ఆ కుర్రాడు పది కొట్టినప్పుడు ఏమీ అనలేదు.

ఇంట్లో చేసే సాధనకు గుళ్లు అక్కరలేదు. చాలా పిస్టళ్లలో గాలి విడుదల కాకుండా ట్రిగ్గర్ మాత్రం పనిచేసే ఏర్పాటు ఉంటుంది. గుండు లేదని రెండుసార్లు చూసుకుని, ఎవరూ లేని ఉత్త తెల్లగోడ వైపు నిలబడి సైట్లు చూస్తూ నొక్కడం. ట్రిగ్గర్ టిక్కుమన్నప్పుడు ముందు సైట్ కదిలిందా లేదా, అంతే పరీక్ష. పెద్ద షూటర్ల సాధనలో కూడా ఇది తప్పనిసరి భాగం. పిస్టల్ ఇంకా కొనలేదంటే నీళ్లు నింపిన లీటరు సీసాను చాచిన చేత్తో పట్టుకుని నిలబడటంతో భుజానికి బలం వస్తుంది.

కొనే విషయంలో తొందర వద్దు. పోటీ స్థాయి విదేశీ పిస్టల్ లక్ష రూపాయలు దాటుతుంది. పిడి కుడిచేతికి వేరు, ఎడమచేతికి వేరు, అరచేతి కొలతను బట్టి వేరు. కుడిచేతి వాటం ఉండి ఎడమ కన్ను ప్రధానంగా ఉండేవారు ఉంటారు. రెండు అరచేతులు చాచి, మధ్యలో చిన్న సందు వదిలి, దానిలోంచి దూరపు వస్తువును చూస్తూ ఒక్కో కన్నూ మూసుకుంటే ఏ కన్ను ప్రధానమో తెలుస్తుంది. ఏ చేత్తో కాల్చాలో దాన్ని బట్టి కోచ్ తేల్చాక కొనడం నయం. అప్పటిదాకా రేంజ్‌వారి పిస్టల్‌తో నేర్చుకోవచ్చు. ఎదిగే పిల్లల విషయంలో మరీ ముఖ్యం, ఈ ఏడు సరిపోయిన పిడి వచ్చే ఏడు సరిపోదు.

చేరే ముందు ఒక సాయంత్రం వెళ్లి ఊరికే కూర్చుని చూడండి. ఏ మంచి రేంజ్ కూడా కాదనదు. కోచ్ ఎటువైపు చూస్తున్నారో గమనించండి. గుండు వెళ్లాక కాగితం వైపు చూసి "ఏడు, ఎడమకు" అని పలికేవారు ఒక రకం. కాగితాన్ని పట్టించుకోకుండా శిష్యుడి మణికట్టును, వేలిని, ఊపిరిని చూసేవారు మరో రకం. చేరవలసింది రెండో రకం దగ్గర. ఫీజు ఎంతని అడిగేటప్పుడే అందులో గుళ్లు, టార్గెట్ కాగితాలు కలిసి ఉన్నాయా, గాలి సిలిండర్ నింపడానికి విడిగా ఇవ్వాలా, ఎడమచేతి పిస్టల్ ఉందా, ఒక బ్యాచ్‌లో ఒక కోచ్‌కు ఎంతమంది అన్నవి కూడా అడగండి. రాష్ట్ర స్థాయి పోటీలకు వెళ్లే ఉద్దేశం ఉంటే, ఆ రేంజ్‌కు రాష్ట్ర సంఘం గుర్తింపు ఉందో లేదో ముందే తెలుసుకోండి. నేషనల్ రైఫిల్ అసోసియేషన్ జరిపే పోటీల మెట్లు సాధారణంగా రాష్ట్ర సంఘం నుంచే మొదలవుతాయి.